అడ్డపొగకు నేను కట్టిన లెక్క

విశాఖపట్నం వెళ్లి వచ్చిన ఆరు రోజుల్లో నేను పోగొట్టుకున్నవి ఇవి. గొడుగు ఒకటి, కొని ఇరవై రోజులే అయింది. ఎడమకాలి చెప్పు ఒకటి. కుడిది ఇంకా ఇంట్లోనే ఉంది, ఎందుకో తెలియదు. కళ్లజోడు పెట్టె ఒకటి, కళ్లజోడు క్షేమం. సిగరెట్లు పదిహేడు. ఎడమ చెంప లోపలి నుంచి పెసరగింజంత కండ. ఇరవై ఆరేళ్ల అలవాటు ఒకటి. వీటితో పాటు, నా లెక్క తప్పదన్న పేరు. ఆ పేరు నాకు నేనే ఇచ్చుకున్నది కాబట్టి పోయిన సంగతి ఊళ్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నేను అంబాజీపేటలో ఒక కొబ్బరికాయల కొట్టులో లెక్కలు చూస్తాను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్కలు ఎవరూ నేర్పలేదు, కాయల రాశుల ముందు కూర్చుని నేర్చుకున్నాను. రాశిని చూసి ఎన్ని కాయలో చెబితే, ఎంచి చూసినప్పుడు వందకు రెండో మూడో తేడా వస్తుంది. ఈ ధైర్యం కాయలకే పరిమితమై ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పన్ను పీకించుకోవడానికి వెళితే మా ఊరి డాక్టరు చెంప లోపల తెల్ల మచ్చ చూశాడు. విశాఖపట్నంలో పెద్ద దంతవైద్యశాల ఉంది, అక్కడ చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు, ఆలస్యం చేయవద్దు అని చీటీ రాశాడు. మా అక్కాబావా గాజువాకలోనే ఉంటారు. ఇంట్లో మాత్రం అక్కను చూసి చాలా కాలమైందని చెప్పి బయలుదేరాను.

ఎలమంచిలి దాకా

సోమవారం రాజమండ్రిలో రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, కానీ కిటికీ సగానికి మించి దిగలేదు. తుని దాటాక వాన మొదలైంది, ఆ సగంలోంచి నా మోకాలు ఒక్కటే తడిసింది.

ఎలమంచిలిలో రైలు ఎందుకో ఆగిపోయింది. ఉడకబెట్టిన వేరుశనగ కాయలు అమ్మే ఆయన ఎక్కాడు. పొట్లం ఇరవై రూపాయలు. తినే ముందు ఎంచాను: యాభై నాలుగు కాయలు, అందులో మూడు తాలు. ఎదుటి సీటాయన చాలాసేపు చూసి, మీది ఆడిట్ డిపార్ట్‌మెంటాండీ అని అడిగాడు. కాదండీ, కొబ్బరికాయలు అన్నాను. ఆయన అర్థమైనట్టు తల ఊపి కళ్లు మూసుకున్నాడు.

నేను పుస్తకం తీసి నా సొంత లెక్క మొదలుపెట్టాను. రోజుకు పదకొండు సిగరెట్లు, ఇరవై ఆరేళ్లు: లక్షా నాలుగు వేల మూడు వందల తొంభై. అంకె చూసి కొంచెం భయం వేసింది. వెంటనే ధైర్యానికి తాతగారిని తెచ్చుకున్నాను. ఆయన రోజుకు పది చుట్టలు కాల్చి తొంభై ఏళ్లు నిక్షేపంగా బతికారు. చుట్టలో పొగాకు సిగరెట్టులో కంటే ఎన్నో రెట్లు. ఆ లెక్కన నేను ఇంకా తాతగారి ముప్పైయో ఏటి దగ్గరే ఉన్నాను. కాబట్టి ఫర్వాలేదు. రైలు కదిలింది.

గాజువాకలో కాజా లేదు

బావ ఉక్కు కర్మాగారంలో కొలిమి విభాగంలో పనిచేస్తాడు. ఉద్యోగం కోసం మా వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అక్క వంట మాత్రం ఇంకా గోదావరి దాటలేదు, పులుసులో బెల్లం తగ్గలేదు. బావ మాటే పూర్తిగా ఇక్కడిదైపోయింది. తలుపు తీస్తూనే, "ఏటి బావ, తడిసీపోయేవు," అన్నాడు. మా వైపు కుక్కను తోలినా చివర అండీ అంటాం. ఇక్కడ ఆప్యాయత ఎక్కువయ్యేకొద్దీ మాట పొట్టిదవుతుంది. రెండో రోజుకు నాకూ అదే హాయిగా అనిపించింది.

నేను తెచ్చిన కాజాల పెట్టె రైల్లో నా మోకాలితో పాటే తడిసి ముద్దయింది. అక్క దాన్ని గిన్నెలో వేసి చెంచాలతో పెట్టింది. మచ్చ సంగతి విని బావ, రేపు పొద్దున్న ఆరింటికే బయలుదేరు, టోకెన్లు అయిపోతాయి అన్నాడు.

టోకెన్లు నలభై రెండు, నలభై మూడు

ఆరింటికి బయలుదేరినా నాకు దొరికింది నలభై రెండు. నలభై మూడు నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు. కాళ్ల దగ్గర ఖాళీ అల్యూమినియం గంపలాంటి తట్ట. పేరు పోలమ్మ. భీమిలి అవతల సముద్రం ఒడ్డున ఊరు, రోజూ తగరపువలస మార్కెట్లో చేపలు అమ్ముతుంది. ఊళ్లో ఉచిత పరీక్షలు చేయడానికి వచ్చిన డాక్టర్లు ఆమె నోరు తెరిచి చూసి, అంగిలి తెల్లగా మందమైంది, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయి, ఆసుపత్రికి వచ్చి ముక్క తీయించుకో అన్నారట. ఆ ముక్క అనే మాటకే ఆమెకు నిద్ర లేదు.

నా పుస్తకం చూసి, "ఏటి రాత్తన్నావు బాబూ?" అంది.

చెప్పాను. లక్షా నాలుగు వేల మాట విని ఆమె బుగ్గలు నొక్కుకుంది. నాకూ కట్టమంది.

రోజుకు ఎన్ని అన్నాను. ఒక చుట్ట, చేపలు బాగా పడిన రోజు రెండు అంది. సగటున ఒకటిన్నర వేసుకున్నాను. నలభై ఏళ్లుగా అంది. ఇరవై ఒక్క వేల తొమ్మిది వందలు. నా దాంట్లో ఐదో వంతుకు కాస్త పైన. ఆమె తాగేది అడ్డపొగ అని కూడా చెప్పింది. చుట్ట ముట్టించి, కాలే కొస నోటి లోపల పెట్టుకుని తాగడం. వాళ్ల అమ్మా అలాగే, అత్తా అలాగే. ఒడ్డున గాలికి, నీటి తుంపరకు బయటి నిప్పు ఆరిపోతుంది, లోపలి నిప్పు ఆరదు. తల మీద తట్ట పట్టుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మా వైపు చుట్టను చేత్తో పట్టుకుని తీరిగ్గా కాలుస్తారు. ఇది పనిలో ఉన్నవాళ్ల పద్ధతి, నాకు ముచ్చటేసింది. కానీ లెక్కలో ఆ వివరానికి ఎక్కడా చోటు కనిపించలేదు. చుట్ట చుట్టే, ఏ కొస కాలితే ఏమిటి అనుకున్నాను.

మీది నా దాంట్లో ఐదో వంతు పెద్దమ్మా, నాకే ఏమీ కాకపోతే మీకేమవుతుంది అన్నాను. ఎదుటి మనిషి భయం పోగొట్టాలని అన్నాను. నా భయానికి కూడా అదే మందు అయింది.

పోలమ్మ ముఖం విప్పారింది. "లెక్కలొచ్చినోడివి, నువ్వే సెప్పేవు. మరింకేటి," అని లేచింది. టోకెను నా చేతిలో పెట్టింది. పడవలు వచ్చే వేళయింది, చేపలు ఎవరి కోసమూ ఆగవు అంటూ తట్ట తీసుకుని వెళ్లిపోయింది. ఒక మంచి పని చేశానని పావుగంట సంతోషించాను.

రెండు ముఠాలు

డాక్టరమ్మకు ముప్పై ఏళ్లుంటాయి. మత్తు సూది ఇచ్చి, ముక్క తీసి, ఒక కుట్టు వేసింది. ముక్క సీసాలో తేలుతుంటే చూశాను, పెసరగింజ కంటే పెద్దది కాదు. శనివారం ఫలితం అంది.

నోరు తిమ్మిరిగా ఉన్నా తాతగారి లెక్క ఆమె ముందు పెట్టాను. ఆమె నవ్వలేదు. కాగితం మీద రెండు గీతలు గీసి చెప్పింది. పొగలోని పదార్థాలు ఒంట్లోకి వెళ్లాక వాటి మీద ఎంజైములు పనిచేస్తాయి. ఒక రకం ఎంజైములు వాటిని మార్చే క్రమంలో కొన్నిటిని ఇంకా చురుకైన విషంగా చేస్తాయి. ఇంకో రకం ఆ విషాన్ని పట్టి, కరిగించి బయటికి పంపిస్తాయి. ఈ రెండిటి వేగం పుట్టుకతోనే మనిషికీ మనిషికీ తేడా. మొదటిది చురుకై రెండోది మందకొడి అయితే విషం కణాల దగ్గర పేరుకుంటుంది. మీ తాతగారి ఎంజైములు మీకు వచ్చాయో లేదో బయటికి చూసి చెప్పలేం, వచ్చినా రోజూ పొగ పోస్తుంటే అవి ఎంతని మోస్తాయి అంది.

నాకు మా కొట్టు కనిపించింది. లారీ నుంచి కాయలు దించే ముఠా ఒకటి, లోపలికి మోసే ముఠా ఒకటి. దించేవాళ్లు దూకుడుగా, మోసేవాళ్లు నెమ్మదిగా ఉంటే కాయలన్నీ రోడ్డు మీదే. నేను ఇన్నాళ్లూ లారీలు ఎంచాను, ముఠాలను ఎంచలేదు.

అప్పుడు పోలమ్మ టోకెను ఆమె బల్ల మీద పెట్టి, నేను కట్టిన లెక్క చెప్పాను. ఎంజైముల మాట చెప్పినంతసేపూ ఉన్న ఓపిక ఇప్పుడు డాక్టరమ్మ ముఖంలో లేదు. పెన్ను కింద పెట్టింది.

"అడ్డపొగలో నిప్పూ పొగా రెండూ నేరుగా అంగిలికే తగులుతాయండీ. ఆవిడ కచ్చితంగా రావాలి. మీరు పంపించేశారా?"

పంపించేశాను. ఆ మాట పైకి అనడానికి కుట్టు అడ్డమొచ్చిందని చెప్పుకోవచ్చు గానీ, అడ్డమొచ్చింది అది కాదు.

సాయంత్రం బావ నన్ను బీచ్ రోడ్డుకు తీసుకెళ్లి మూరీ మిక్చరు కొనిపెట్టాడు. మరమరాలు, టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి; పొట్లం నలభై. కుట్టు మీద కారం పడి ఓడరేవు వైపు వెళ్లే ఓడలు రెండేసి కనిపించాయి. మిగతాది బావే తిన్నాడు. నా కోసం మాడుగుల హల్వా కొన్నాడు, అది నమలక్కర్లేదు. ముఠాల సంగతీ, పోలమ్మను పంపించేసిన సంగతీ చెబితే, వాళ్ల కొలిమిలోనూ అంతే అన్నాడు. ఇనుము కరిగించడం గొప్ప కాదు, పైన తేలే మలినం, చిట్టెం, సమయానికి బయటికి తీయడం గొప్ప. అది ఆలస్యమైతే కొలిమికే ముప్పు. తర్వాత, "రేపు వాన పడతాదంట. ఎల్లుండి ఎల్లు. ఆ పోలమ్మని తీసుకొచ్చీ," అన్నాడు. నేను అప్పటికింకా ఏమీ అడగలేదు.

ముగ్గురు పోలమ్మలు

గురువారం మద్దిలపాలెంలో బస్సు మారి తగరపువలసలో దిగాను. గొడుగు దిగలేదు.

చేపల మార్కెట్లో పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. పోలమ్మ ఎక్కడ అంటే ఇద్దరు ఒకేసారి నేనే అన్నారు. మూడో పోలమ్మ రాలేదని నాలుగో ఆమె చెప్పింది. కవళ్లు తీసుకో బాబూ, నూట యాభైకి ఇస్తాను, పోలమ్మ సంగతి కూడా చెబుతాను అంది. మా వైపు చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసి, పెదవి విరిచి, సగం నుంచి బేరం మొదలుపెడతాం. ఇక్కడ అలా పెదవి విరిస్తే, చేపను వెనక్కి తీసుకుని మన ముఖం వంక చూస్తారు. నూట యాభై ఇచ్చాను.

ఆ పద్నాలుగు మందిలో ఐదుగురి నోటి లోపల నిప్పు ఉంది. బయటికి చుట్ట మొదలు ఒక్కటే కనిపిస్తుంది. ధర చెబుతారు, చిల్లర ఇస్తారు, పక్కామెను తిడతారు, నిప్పు మాత్రం కదలదు. రెండు రోజుల క్రితం విని ముచ్చటపడ్డ పద్ధతే. ఈసారి వాళ్ల అంగిళ్లే కనిపించాయి. వెనక్కి అడుగు వేయబోయి చేపల నీళ్ల కాలవలో కాలు పెట్టాను. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఇద్దరు పోలమ్మలూ కలిసి కట్టెతో వెతికారు, దొరకలేదు. కానీ నవ్వులో నవ్వుగా మూడో పోలమ్మ ఇంటి గుర్తు కచ్చితంగా చెప్పారు: ఊరి చివర, నీలం తలుపు.

నీలం తలుపు

షేర్ ఆటోలో భీమిలి దాటి, ఒక చెప్పుతో కొంత దూరం నడిచి, తర్వాత దాన్నీ చేత్తో పట్టుకుని వెళ్లాను. పోలమ్మ ఇంటి ముందు ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నోట్లో చుట్ట ఉంది. నన్ను చూసి చుట్ట తీసి, నా కాళ్ల వైపు చూసి, అన్నం తిన్నావా అని అడిగింది. నేను తెచ్చిన కవళ్లు చూసి ఎంతకు కొన్నానో అడిగింది. చెబితే చాలాసేపు నవ్వింది.

ఆ కవళ్లతోనే పులుసు పెట్టింది. చింతపండు, పచ్చిమిర్చి, పైన పచ్చి నూనె చుక్క. బెల్లం లేదు. మా అక్క చూస్తే ఏడుస్తుంది గానీ, అంత మంచి పులుసు నేను తినలేదు, నిజానికి ఆ రోజూ సరిగ్గా తినలేదు. రెండో ముద్దకే కుట్టు మండి కళ్ల నీళ్లు కారాయి. చెంపకేమైంది అంది. ముక్క తీశారు అన్నాను.

"మరి నీకేటీ కాదన్నావు?"

అక్కడి నుంచి మొదలుపెట్టాను. నా లెక్క తప్పు పెద్దమ్మా అన్నాను. ఆ మాట నేను ఇంతకు ముందు ఎవరితోనూ అనలేదు. చుట్టలు ఎంచడం కాదు, నిప్పు ఎంతసేపు ఎక్కడుందో ఎంచాలి. పుస్తకం తీశాను. నా సిగరెట్టు ఒక్కోటి ఐదు నిమిషాలు. పదకొండూ కలిపి యాభై ఐదు నిమిషాలు, నిప్పు బయట. ఆమె చుట్ట ఎంతసేపు ఉంటుంది? పడవల దగ్గర ముట్టిస్తే వేలం పాటలో సరుకు కొనేదాకా, తర్వాత ఆటోలో, మార్కెట్లో తట్ట ఖాళీ అయ్యేదాకా, ఆర్పి, మళ్లీ ముట్టించి. ఇద్దరం కలిసి కూడితే ఆరు గంటలు వచ్చింది. మూడు వందల అరవై నిమిషాలు, నిప్పు లోపల. ఐదో వంతు కాదు, ఆరున్నర రెట్లు. డాక్టరమ్మ అన్న మాటా చెప్పాను. తీయించుకుంటే ముక్క పెసరగింజంతే అని కూడా చెప్పాను.

పోలమ్మ చేపల మీద వాలిన కాకిని తోలి వచ్చి కూర్చుంది.

"మొన్న ఒక లెక్క సెప్పేవు. ఈవేళ ఇంకో లెక్క సెప్తన్నావు. రేపు ఇదీ తప్పంతావేటి?"

తప్పు కావచ్చు, నా లెక్క వదిలేయండి, డాక్టరమ్మ చూసి చెప్పేదే లెక్క అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వాళ్ల అత్తకు ఇలాగే అంగిలి పుండైందట. ఆసుపత్రికి తీసుకెళితే వాడిపోయిన మనిషిని మంచం మీద తిరిగి పంపించారట. అప్పటికే ఆలస్యమైందని ఎవరో చెప్పారు గానీ, పోలమ్మకు గుర్తున్నది మాత్రం వెళ్లడం, రావడమే. "ఒక్కదాన్నీ ఆ బల్ల ఎక్కలేను బాబూ. నాకు బయం," అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో, నా తప్పు ఒప్పుకున్న కాసేపటికే విన్నాను కాబట్టి నాకు తెలిసింది.

నేను వస్తాను, పక్కన ఉంటాను అన్నాను.

"ఆ ఒక్కరోజేనా?"

ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు అన్నాను. ఎన్నిసార్లో అడక్కుండా ఒప్పుకున్న లెక్క నా జీవితంలో అదొక్కటే.

ఆమె చెయ్యి చాపింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. నా చొక్కా జేబులో సిగరెట్ పెట్టెలు చూపించింది. ఒకటి నిండుది, ఇంకోదాంట్లో ఏడు. ఆమె చూరులోంచి తన చుట్టల కట్ట తీసింది. రెండూ కలిపి పులుసు దింపిన పొయ్యిలో పెట్టింది. ఇద్దరం దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాం. ఆ హడావిడిలో కళ్లజోడు పెట్టె అక్కడే పడిపోయింది.

మళ్లీ అదే బెంచీ

శుక్రవారం పోలమ్మ ఉతికిన చీర కట్టుకుని, తట్ట లేకుండా వచ్చింది. మనిషి సగమైనట్టు కనిపించింది. బల్ల మీద పడుకుని డాక్టరమ్మతో మాత్రం, "నలబయ్యేల్లు నిప్పు నోట్లో ఎట్టుకున్నాను, నీ సూది నన్నేటి సేత్తాది," అంది. అంటూనే నా మణికట్టు పట్టుకుంది. గాజువాక చేరేదాకా ఆ నాలుగు వేళ్ల గుర్తులు పోలేదు.

శనివారం నా ఫలితం వచ్చింది. కేన్సరు లేదు. పొగ మానేస్తే మచ్చ తగ్గవచ్చు, మానకపోతే ఎవరూ హామీ ఇవ్వలేరు. పోలమ్మది నేను ఇంటికి వచ్చాక ఫోన్లో తెలిసింది. కేన్సరు కాలేదు, కానీ కణాలు మారడం మొదలైంది. ఆ భాగం వరకు తీసేశారు. ఇంకో ఏడాది గడిచి ఉంటే మాట వేరేగా ఉండేదని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరూ మూడు నెలలకోసారి రావాలి, రెండేళ్లు. మొత్తం ఎనిమిది సార్లు.

ఇది రాస్తున్నప్పటికి ఐదు గడిచాయి. ఐదుసార్లూ పోలమ్మ అంగిలి శుభ్రంగా ఉంది. నోట్లో ఇప్పుడు లవంగం పెట్టుకుంటుంది, అది చుట్టంత సేపు రాదని ఫిర్యాదు. నా మచ్చ సగానికి తగ్గింది. నాలుగోసారి మాత్రం కొట్టులో సరుకు ఎత్తే రోజు పడి నేను వెళ్లలేదు, వారం తర్వాత వెళ్లి చూపించుకున్నాను. డాక్టరమ్మ ఫర్వాలేదంది. పోలమ్మ అనలేదు. నేను రాని రోజు బల్ల ఎక్కడానికి ముందు ఆమె బెంచీ మీద గంటన్నర ఒక్కతే కూర్చుందట. ఎనిమిది అయ్యాక తొమ్మిదోసారి వచ్చి సరిచేస్తాను అని బేరం పెట్టాను.

"తొమ్మిదోది తొమ్మిదోదే బాబూ. నాలుగోది ఎలాగ తెత్తావు?" అంది.

ఎన్ని విధాలుగా కట్టి చూసినా ఆమె లెక్కే సరైనది. ఆమె రాకలు ఐదు, నేను పక్కన ఉన్నవి నాలుగు. బాకీ ఒకటి.